స్రెతెన్ ఇంటి రాగి కాగు

శనివారం చేయాల్సిన పనులన్నీ స్రెతెన్ తన భార్య దరింక రాసిన ఉత్తరం వెనకే రాసుకున్నాడు. ఏడింటికి కంచరి ఒబ్రెన్ వస్తాడు. పదింటికల్లా గొట్టాలూ అతుకులూ అయిపోవాలి. పదకొండింటికి పొయ్యి రాజేయాలి. పన్నెండున్నరకి నీళ్లు కాగాలి. ఒంటిగంట బస్సుకి దరింక దిగుతుంది. దిగి, వంటింట్లోకొచ్చి, కొళాయి తిప్పుతుంది. అక్కడితో పథకం ముగిసింది. ఆ తర్వాత ఏం రాయాలో తోచక కింద ఒక గీత గీశాడు.

ఉత్తరం ముందువైపు ఉన్నవి నాలుగే వాక్యాలు. "శనివారం ఒంటిగంట బస్సుకి వస్తాను. నా చలికోటూ ఉన్ని మేజోళ్లూ తీసుకుని నాలుగింటి బస్సుకి వెళ్లిపోతాను. కోళ్లకి మేత వేస్తున్నావా? మీలుంక అక్క నిన్ను అడిగినట్టు చెప్పమంది."

చలికోటు అన్న మాట స్రెతెన్ మూడుసార్లు చదివాడు. ఆ కొండల్లో ఆడమనిషి నవంబరులో చలికోటు పట్టుకెళ్లిందంటే మళ్లీ వసంతంలో ఆల్బుఖారా చెట్లు పూతకొచ్చేదాకా రాదని అర్థం. దరింక వాల్యెవో పట్నంలో ఉన్న అక్క ఇంటికి రెండు రోజులుండి వస్తానని వెళ్లి మూడు వారాలైంది. దెబ్బలాడి వెళ్లలేదు. చేతులు పగిలి వెళ్లింది. ముప్పై ఒక్క చలికాలాలు కొండ ఊట నీళ్లలో గిన్నెలు తోమీ బట్టలు ఉతికీ ఆ వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎండిన చెరువులా బీటలు వారింది. అక్క ఇంట్లో కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయి. వారం తిరిగేసరికి బీటలు పూడాయని మొదటి ఉత్తరంలోనే రాసింది. తిరిగి ఎప్పుడొస్తుందో మాత్రం రాయలేదు.

"నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే" అని ఒక్క ముక్క రాసి పడేస్తే పోయేది. స్రెతెన్‌కి అది చేతకాదు. ఆయన సహకార సంఘంలో ముప్పైయేళ్లు ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైన మనిషి. బాధ కలిగినా సంతోషం కలిగినా ముందు ఏదో ఒకటి విప్పి చూడాలి ఆయనకి. ఈసారి ఆయన కన్ను వంటింటి పొయ్యి మీద పడింది.

కరెంటు హీటరు పెట్టించుకోవచ్చు కదా అని తెలియనివాళ్లు అంటారు. పక్కింట్లో ఇస్త్రీపెట్టె పెడితే ఈ ఇంట్లో బల్బు మిణుగురు పురుగైపోతుంది. ఉన్నదల్లా ఆ ఇనప పొయ్యే. తెల్లటి ఎనామెలు పలకలు, ముందు ఇత్తడి కమ్మీ, రొట్టెల అర తలుపు మీద పోతపోసిన 1911. దరింక అమ్మమ్మ పొయ్యి అది. దాని ఇత్తడి తోమడానికైనా దరింక తప్ప ఇంకొకరు చెయ్యి వేయకూడదు. తెల్లవారితే రాజుకుని పొద్దుగూకేదాకా మండుతూనే ఉంటుంది. ఆ వేడిలో సగం పొగగొట్టం గుండా పోయి కాకుల్ని వెచ్చబెడుతోంది కదా, దాన్ని పట్టుకుంటే ఏమవుతుందని స్రెతెన్ ఆలోచించాడు. పాత రైతు పంచాంగం ఒకదాంట్లో బొమ్మ దొరికింది. నిప్పుల అరలో ఒక రాగి చుట్ట, గోడ మీద ఒక కాగు, రెంటినీ కలుపుతూ రెండు గొట్టాలు. కాగిన నీళ్లు ఒక గొట్టంలో పైకి పోతాయి, చల్లనివి రెండో దాంట్లో కిందికి దిగుతాయి. మోటారు లేదు, పంపు లేదు. మరి నీళ్లని పైకి తోసేదెవరు? స్రెతెన్ ఆ పేజీ రెండుసార్లు చదివి రెండుసార్లూ నమ్మలేదు. నమ్మాలంటే చెయ్యి కాలాలి ఆయనకి.

ఏడింటికి అనుకున్నట్టే ఒబ్రెన్ ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో, మీద గోనెపట్టా అయినా కప్పకుండా, కొత్త రాగి కాగు ఎండకి ధగధగలాడుతోంది.  గుండ్రటి బొజ్జ, పైన గుబ్బ మూత, మూతలోంచి ఏనుగు తొండంలా వంగిన గొట్టం.

"ఇదేంటి ఒబ్రెన్! నేను నీళ్లకి చెయ్యమన్నాను."

"నీళ్లకే చేశాను."

"ఇది సారా బట్టీ!"

"చూడు బావా," అన్నాడు ఒబ్రెన్ సిగరెట్టు ఆర్పకుండానే, "నలభై ఏళ్లుగా ఈ చేతులు ఒక్క ఆకారమే కొట్టాయి. నలుపలకలుగా చేద్దామనే కూచున్నా. సుత్తి ఒప్పుకోలా. అయినా తను దేంట్లో ఉందో నీళ్లకేం తెలుసు?"

"ఆ తొండం ఎందుకు?"

"ఆవిరి పోయే దారి ఉండాలా వద్దా? లేకపోతే ఏదో ఒక రోజు నువ్వూ, నీ పొయ్యీ, ఇంటికప్పూ కలిసి ప్రయాణం కట్టాల్సొస్తుంది. దీన్ని కిటికీలోంచి బయటికి వదిలేస్తాం, అంతే."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పల్లా కంచె అవతల ఉంది. పక్కింటి స్తానా క్యాబేజీలు ఉప్పులో ఊరవేయడానికి పీపా కడుగుతూ, కడగడం ఆపి చాలాసేపైంది.

"ఏం తెచ్చాడు స్రెతెన్?"

"కాగు, వదినా. నీళ్లు కాచుకోడానికి."

స్తానా పకపకా నవ్వింది. ఆమె నవ్వడంలో న్యాయముంది. ఆమె మొగుడు మిలాదిన్ కొట్టం వెనకాల ఇరవయ్యేళ్లుగా "నీళ్లు కాచుకుంటూ"నే ఉన్నాడు. సర్కారు చీటీ లేని బట్టీ ఉన్న ప్రతివాడూ ఆ ఊళ్లో చెప్పే మాట అదొక్కటే. స్రెతెన్ పాపం పచ్చి నిజం చెప్పాడు. అది ఊరందరూ అరగదీసిన అబద్ధం కావడం ఆయన ఖర్మ.

"కాచుకో నాయనా, కాచుకో. మీ ఆవిడ ఊళ్లో లేనప్పుడే కాచుకోవాలి," అని స్తానా పీపా అక్కడే వదిలేసి వీధిలోకి నడిచింది.

ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. పెళ్లికి పిలుపు కావాలి, బాప్తిస్మానికి పిలుపు కావాలి. బట్టీ వెలిగిన ఇంటికి మాత్రం పిలుపు అక్కర్లేదు. ఎవరైనా రావచ్చు. ఒట్టి చేతులతో రాకూడదు, వచ్చినవాణ్ణి పొమ్మనకూడదు. బట్టీలోంచి దిగిన తొలి ధార పెద్దవాడు రుచి చూడాలి. ఆ పెద్దవాడు బాగుందనేదాకా మిగతావాళ్లు గ్లాసు ముట్టరు. స్రెతెన్ కూడా ఏటా నలుగురి ఇళ్లలో అలా కూర్చుని వచ్చినవాడే. ఇప్పుడు కాదనడానికి ఆయనకి నోరెక్కడుంది?

పదింటికి పొయ్యి పక్క ఇనుములో రెండు చిల్లులు పడ్డాయి. బరమా తిరుగుతున్నంతసేపూ స్రెతెన్ కళ్లు మూసుకున్నాడు. ఎనామెలు పెచ్చు ఒకటి గోరంత ఊడింది. దాన్ని ఏరి జేబులో వేసుకున్నాడు. కాగుని గోడకెక్కించి, దాని కొళాయి తొట్టి మీదికి బిగించి, అతుకులు పూర్తి చేసి, చేతులు తుడుచుకుంటూ ఒబ్రెన్ ఇంకో ఊళ్లో పనుందని వెళ్లిపోయాడు. నిజం తెలిసిన రెండో మనిషి ఊరు దాటాడన్న సంగతి స్రెతెన్‌కి అప్పుడు తట్టలేదు.

ఒబ్రెన్‌ని సాగనంపి ఆయన గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగేలోగానే వితోమిర్ తాత వచ్చాడు. ఆ ఊరికి నాలుక ఆయనే. గుక్క నోట్లో పోసుకుని, ఏ వాలు మీద కాసిన పళ్లో, పీపా ఏ చెక్కో చెబుతాడని పేరు. కోటు పైజేబులోంచి చేతిరుమాలు తీశాడు, అందులోంచి తన సొంత గ్లాసు తీశాడు, బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"తాతా, పొద్దున్నే శ్రమపడి వచ్చావు గానీ, ఇది నీళ్లకి."

"అలాగే నాయనా. నీళ్లకే," అని తాత కన్ను గీటాడు. "నేను ఆగుతాలే."

తర్వాత జివాన్ వచ్చాడు, ట్రాక్టరు మీద సారా కాయడానికి పులియబెట్టిన పళ్ల ఊట రెండు పీపాలు వేసుకుని. "నీది దిగగానే నాది పోద్దాం బావా. మా బట్టీ అడుగు చిల్లుపడింది. ఊట మరీ పులిసిపోతోంది." మిలాదిన్ చంకలో ఒక మోపు, భుజం మీద ఒక మోపు ఆల్బుఖారా కట్టెలు తెచ్చాడు. ఒకరు పంది పక్కటెముకలు తెచ్చారు, ఒకరు బుట్టెడు బంగాళాదుంపలు, ఒకరు ఊరేసిన మిరపకాయలు. స్తానా పళ్లేలు తెచ్చింది. పన్నెండయ్యేసరికి పెరట్లో ఇరవై ముగ్గురు మనుషులున్నారు, ఒక మంట ఉంది. స్రెతెన్ ప్రతి ఒక్కరికీ నీళ్లని చెప్పాడు. ప్రతి ఒక్కరూ ఆయన భుజం తట్టారు. పిలవని పేరంటం ఇంత నిండుగా జరగడం ఆ పెరడు ఎన్నడూ చూడలేదు.

విసుగెత్తి స్రెతెన్ వంటింట్లోకి పోయి పొయ్యి ముందు చతికిలబడ్డాడు. నిప్పు అప్పటికే అంటుకుంది. ఒక చెయ్యి పై గొట్టం మీద, ఒక చెయ్యి కింది గొట్టం మీద వేశాడు. రెండూ చల్లగా ఉన్నాయి. కాసేపటికి లోపల ఎక్కడో గుడగుడమంది. పై గొట్టం గోరువెచ్చగా అయింది. తర్వాత వెచ్చగా అయింది. ఆ వెచ్చదనం జానెడు జానెడు చొప్పున పైకి పాకుతుంటే దానితోపాటు ఆయన చెయ్యీ పైకి జరిగింది. కింది గొట్టం మాత్రం ఊట నీళ్లంత చల్లగానే ఉంది. ఎవరూ తోయడంలేదు. వేడిది తేలికై లేస్తోంది, బరువైన చల్లది దాని చోటుకి దిగుతోంది, అంతే! చెయ్యి చురుక్కుమని కాలింది. స్రెతెన్ నమ్మాడు. మూడు వారాల్లో మొదటిసారి ఆయనకి నవ్వొచ్చింది. ఈ వింత దరింకకి చూపించాలి, ఆమె చెయ్యి కూడా ఇలాగే గొట్టం మీద వేయించాలి అనుకుంటూ పెరట్లో ఏం జరుగుతోందో పూర్తిగా మరిచిపోయాడు.

మిలాదిన్ మరవలేదు. బట్టీకి మంట తగ్గకూడదని, ఐదు నిమిషాలకోసారి గుమ్మంలోంచి వంగి, గొట్టాల మీదే కళ్లున్న స్రెతెన్ పక్కనుంచి పొయ్యిలో ఇంత కట్టె కుక్కుతూనే ఉన్నాడు. ఎంత కాగైనా ఆ మంటకి మరగక ఏం చేస్తుంది? ఆవిరి తొండంలోకి ఎక్కింది. కిటికీ బయట నవంబరు గాలికి చల్లబడి, తొండం చివర ఒక బొట్టై వేలాడింది.

"ధార! ధార దిగింది!" అని స్తానా అరిచింది. జివాన్ పరుగున కూజా పట్టాడు. పెరడంతా టోపీలు తీసింది. కొందరు శిలువ గుర్తు వేసుకున్నారు.

బొట్టు బొట్టుగా కూజా అడుగు నిండాక తాత గ్లాసులోకి వంచారు. వితోమిర్ తాత దాన్ని ఎండలోకి ఎత్తి చూశాడు. అద్దంలా ఉంది. వాసన చూశాడు. నోట్లో పోసుకుని, ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి తిప్పి, మింగాడు. ఇరవై రెండు మొహాలు ఆయన వంకే చూస్తున్నాయి. అరవైయేళ్ల పేరు ఒక పక్క, నాలుక మీద ఒట్టి తడి ఒక పక్క. మింగడం అయిపోయింది, కక్కడం కుదరదు.

"మెత్తగా ఉంది," అన్నాడు తాత.

"మెత్తగానా?"

"చాలా మెత్తగా. అసలు గొంతు దిగినట్టే లేదు. ఇలాంటిది నేను ఇంతవరకు తాగలేదు."

ఆ చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. గ్లాసు జివాన్‌కి అందింది. తాత బాగుందన్నదాన్ని బాగాలేదనడానికి జివాన్ ఎంతటివాడు? "కొంచెం రాగి వాసన. కొత్త బట్టీ కదా. కానీ ఏం శుభ్రంగా ఉంది!" అన్నాడు. మిలాదిన్ తాగి కళ్లు మూసుకుని, "ఇది ముందు తెలియదు, తర్వాత ఎక్కుతుంది," అన్నాడు. ఒకడు తాగి దగ్గాడు కూడా. గ్లాసు ఒక చుట్టు తిరిగేసరికి ఆ నీళ్లు కొండప్రాంతం మొత్తంలో మొదటి రకం సారా అయిపోయాయి. కేకలు విని స్రెతెన్ బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, అది ఆవిరి నీళ్లు తాతా!"

"వినయం మంచిదే నాయనా, మరీ ఇంత పనికిరాదు," అన్నాడు తాత, ఆయన కళ్లలోకి చూడకుండా.

"ఇక నాది పోద్దాం," అని జివాన్ బక్కెట్టు నిండా ఊట ముంచుకుని వంటింట్లో దూరాడు. స్రెతెన్ వెంటపడ్డాడు. జివాన్ స్టూలెక్కి కాగు మూత మీద చెయ్యి వేసేసరికి, స్రెతెన్ వాడి నడుం పట్టుకుని వేలాడేసరికి, గుమ్మంలో సంచీ పట్టుకుని దరింక నిలబడి ఉంది.

పాపం ఆమెకి వార్త బస్సు దిగగానే అందింది. ఎదురైన ముగ్గురు, "మీ ఇంట్లో ధార దిగిందటగా, మెత్తగా ఉందట," అని శుభాకాంక్షలు చెప్పారు. ఆమె చూపు ముందు కాగు మీద పడింది, తర్వాత జివాన్ బక్కెట్టు మీద, ఆఖరికి పొయ్యి పక్కనున్న రెండు చిల్లుల మీద నిలిచిపోయింది.

"ఏవయ్యా," అంది మెల్లగా. ఆమె అరిస్తే స్రెతెన్‌కి అంత భయం వేసేది కాదు. "నేను చేతులు పగిలి పోతే, నువ్వు మా అమ్మమ్మ పొయ్యికి చిల్లులు పొడిచి సారా కాస్తున్నావా?"

"నీళ్లు, దరింకా! నీళ్లకి!"

"నీళ్లా? మిలాదిన్ కూడా నీళ్లే కాస్తాడు."

"తాతనడుగు! తాతా, నీకు పుణ్యముంటుంది, నువ్వు తాగింది ఏంటో చెప్పు!"

పెరడంతా వంటింటి గుమ్మం దగ్గరికి చేరింది. వితోమిర్ తాత టోపీ చేతిలో నలుపుకున్నాడు. చెప్పాలని ఆయనకి మనసులో ఉంది. కానీ గ్లాసు అందుకుని తాగినవాళ్లందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"అదీ... మెత్తటి సారా అమ్మా," అన్నాడు తాత. మిగతావాళ్లు తలలూపారు.

దరింక సంచీ కింద పెట్టింది. పక్కగదిలోకి పోయి, చిలక్కొయ్యకి ఉన్న చలికోటు తీసి చేతి మీద వేసుకుని వచ్చింది. గుమ్మం దాకా వెళ్లింది.  ముప్పై ఒక్కేళ్లలో అనని మాట అప్పుడు స్రెతెన్ నోట్లోంచి ఊడిపడింది.

"నువ్వు లేకపోతే నాకు తోచడం లేదే. నీ చేతుల కోసమే చేశాను. ఒక్కసారి చేతులు పట్టు. ఆ తర్వాత కోటు నేనే మోసుకొచ్చి బస్సెక్కిస్తాను."

ఆమె ఆగింది. ఆయన ఆ మాటలు అనగలడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కోటు మోచేతి మీదికి జరుపుకుని చేతులు చాపింది. రావాలా వద్దా అని తేలక వచ్చేముందు మూడు రోజులు బస్టాండు దగ్గర చలిగాలికి తిరిగిందేమో, కణుపుల దగ్గర రెండు బీటలు మళ్లీ తెరుచుకుని ఎర్రగా ఉన్నాయి. స్రెతెన్ గుమ్మం దగ్గరివాళ్ల చేతిలోంచి, అడుగున ధార మిగిలిన కూజా అందుకుని ఎత్తాడు. సారా పడితే పుట్టే మంట ఓర్చుకోవడానికి ఆమె పళ్లు బిగించి కళ్లు మూసుకుంది. ఆయన పోశాడు.

ఆమె కళ్లు తెరిచింది. చేతులు తిప్పి చూసుకుంది.

"సారా అయితే ఈ పగుళ్లకి నేను ఈపాటికి పెరట్లో గంతులెయ్యాలి," అంది. "ఇవి నీళ్లు."

 స్రెతెన్ ఆమెని తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, చల్లటి కొళాయి కొంచెం, కొత్త కొళాయి కొంచెం తిప్పాడు. వెచ్చటి నీళ్లు ఆమె వేళ్ల మీదుగా దిగాయి. దరింక చాలాసేపు అలాగే నిలబడింది. కోటు ఎప్పుడు జారి నేల మీద పడిందో ఆమెకీ తెలియదు, ఎవరూ దాన్ని తీయనూలేదు.

ఆఖరికి వితోమిర్ తాత గొంతు సవరించుకున్నాడు. "నేను మెత్తగా ఉందన్నాను. ఎవరైనా కాదనండి చూద్దాం." కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మిలాదిన్ మాత్రం, తర్వాత ఎక్కుతుందని తాను అననే లేదని ప్రమాణం చేశాడు. జివాన్ స్టూలు దిగి బక్కెట్టు ట్రాక్టరెక్కించాడు.

తర్వాత అందరికీ కుతూహలం పట్టుకుంది. తాగినప్పటి సిగ్గు పోవాలన్నా ఏదో ఒకటి చేయాలి కదా. వరసగా వచ్చి ఒక్కొక్కరే కొత్త కొళాయి కింద చేతులు పెట్టి, "ఆహా" అని, మళ్లీ వరస చివరికి పోయి నిలబడ్డారు. ఆడవాళ్లు మొగుళ్ల వంక చూసిన చూపులకి ఒబ్రెన్ కంచరికి ఆ చలికాలమంతా చేతినిండా పని ఖాయమైపోయింది. స్తానా అయితే రెండుసార్లు మొహం కూడా కడుక్కుంది.

దరింక పై గొట్టం మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే తీసేసింది. కింది గొట్టం మీద వేసి చూసింది.

"మోటారు లేదా?"

"లేదు."

"మరి ఆ నీళ్లని పైకి తోసేదెవరయ్యా?"

స్రెతెన్ ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు మొదలుపెట్టాడు. పంచాంగం తెచ్చాడు, బొమ్మ చూపించాడు, వేడిదెందుకు తేలికవుతుందో గరిటెలతో, ఉల్లిపాయలతో చెప్పాడు. ట్రాక్టరు గేరుపెట్టె గురించి ముప్పై ఒక్కేళ్లలో ఒక్క మాట ఓపికపట్టి వినని దరింక, బల్ల దగ్గర కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మొత్తం వింది. నాలుగింటి బస్సు మలుపు దగ్గర హారను కొట్టింది. ఆయన ఒక్క క్షణం ఆగి ఆమె వంక చూశాడు.

"ఊఁ, చెప్పు. చల్లది దిగాక?" అంది ఆమె.

పెరట్లో మాంసం కాల్చుకుని, దుంపలు తిని, ఎవరు తెచ్చుకున్న అసలు సారా వాళ్లు తాగి, పొద్దు వాలేలోగా ఊరు ఊరంతా వెళ్లిపోయింది. బట్టీ కాదని తేలిన దగ్గర్నుంచీ పొయ్యిలో ఒక్క కట్టె వేసిన పాపాన పోయినవాడు లేడు. తొట్టి పక్కన ఇరవై మూడు ఎంగిలి పళ్లేలు కొవ్వు గడ్డకట్టి పేరుకుని ఉన్నాయి. స్రెతెన్ వాటి వంక చూశాడు, భార్య చేతుల వంక చూశాడు, ఇందుకే కదా ఇదంతా అని తృప్తిగా నవ్వుకున్నాడు.

దరింక ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, పీచు చేతిలో పెట్టింది.

"కానియ్," అంది. "వేడినీళ్లేగా. చేతులు పగలవు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి పంచాంగం తెరిచింది. స్రెతెన్ కొళాయి తిప్పాడు. పదకొండో పళ్లెం దగ్గర వేడినీళ్లు అయిపోయాయి.